స్పైక్ బస్టర్ కంటే ముందు చూసుకోవలసినవి

మీ టీవీ వెనక ఒక పొడుగాటి తెల్ల పెట్టె ఉందా? నాలుగైదు సాకెట్లు, ఒక ఎర్ర స్విచ్చు, పైన ‘స్పైక్ గార్డ్’ అనో ‘సర్జ్ ప్రొటెక్టర్’ అనో రాసి ఉంటుంది. అది కొన్న రోజు నుంచీ మీకొక ధీమా, ఉరిమినా మెరిసినా ఇక టీవీకి ఢోకా లేదని. ఒకసారి స్విచ్చు ఆపి, ప్లగ్గు పీకి, దాన్ని తిరగేసి చూడండి. ‘జూల్స్’ అన్న మాట ఎక్కడైనా కనపడిందా? కనపడకపోతే మీరు కొన్నది చాలావరకు ఉత్త ఎక్స్‌టెన్షన్ బాక్సే.

దుకాణం ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. “అన్నా, కరెంటు ఎక్కువ తక్కువైతే టీవీ కాలకుండ ఏమన్న ఉన్నదా?” అని మీరడిగారు. “ఇది తీస్కపో, మస్తుగ పోతున్నయి” అని ఆయన చేతిలో పెట్టాడు. తికమకంతా ఆ ‘ఎక్కువ తక్కువ’ అన్న మాటలో ఉంది. దాని కింద మనం మూడు వేర్వేరు సమస్యల్ని కలిపి కట్టేస్తాం.

మొదటిది సర్జ్. కంటికి కనపడేలోపు, సెకనులో లక్షోవంతు లెక్కన, వందలూ వేల వోల్టులు ఎగబాకి దిగిపోయే పోటు. ఎక్కడో దూరాన లైను మీద పిడుగు పడ్డా, పోయిన కరెంటు ఒక్కసారిగా తిరిగొచ్చినా, పెద్ద మోటరు ఆగినా ఇది పుడుతుంది. రెండోది వోల్టేజీ తగ్గడం, పెరగడం. ఇది నిమిషాలు, గంటలు నిలుస్తుంది. 230 ఉండాల్సింది 170కి పడిపోతుంది, లేదా స్తంభం మీద న్యూట్రల్ తెగి 300 దాటిపోతుంది. మూడోది ఓవర్‌లోడ్. దీన్ని ఎవరూ పంపరు, మనమే చేతులారా తెచ్చుకుంటాం.

సర్జ్ ప్రొటెక్టర్ మొదటిదానికే పనికొస్తుంది. మిగిలిన రెండూ దాని పరిధిలోవి కావు. ఇది తెలియక ఎన్ని ఫ్రిజ్జులు, ఎన్ని టీవీ బోర్డులు బలయ్యాయో ఏ ఊరి మెకానిక్కునడిగినా చెబుతాడు.

జూరాల ప్రాజెక్టు దగ్గరి ఆత్మకూరు చుట్టుపక్కలవాళ్లు ఇంకో మాట కూడా అంటుంటారు. “జూరాల మన పక్కనే ఉన్నది. కరెంటు ఇక్కడనే పుడుతది. మనకు లో వోల్టేజీ ఏంది?” న్యాయమైన ప్రశ్నే. జూరాల జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 234 మెగావాట్లు, దాని కింద దిగువ జూరాలది 240 మెగావాట్లు. కానీ అక్కడ పుట్టిన కరెంటు నేరుగా మీ వీధిలోకి రాదు. పెద్ద లైన్లెక్కి గ్రిడ్‌లో కలుస్తుంది. తిరిగి సబ్‌స్టేషన్, 11 కేవీ లైను, వీధి ట్రాన్స్‌ఫార్మరు దాటుకుని మీ మీటరుకు చేరుతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మరు మీద ఎన్ని ఇళ్లున్నాయి, మీ ఇల్లు దానికి ఎన్నో స్తంభం అన్నవే మీ వోల్టేజీని తేలుస్తాయి. లైను చివరి ఇంటివాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు, సాయంత్రం ఏడింటికి ఫ్యాను తిరిగే తీరు చూస్తే తెలిసిపోతుంది.

ముందు కాగితం, తర్వాత దుకాణం

1. ఇంట్లో ఉన్న వస్తువుల వాట్లు రాయండి. ప్రతి వస్తువు వెనకా చిన్న పట్టీ మీద ఉంటుంది. కనపడకపోతే ఈ అంచనాలు చాలు: ఒకటిన్నర టన్ను ఏసీ 1600, ఇండక్షన్ పొయ్యి 1800, ఇస్త్రీ పెట్టె 1000, ఒక హెచ్‌పీ బోరు మోటరు 1100, గీజరు 2000, ఫ్రిజ్జు 200, కూలరు 200, మామూలు ఫ్యాను 75, టీవీ 100. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లే కదా అనకండి. మోటరు బయటికిచ్చే శక్తి అది, లోపలికి తీసుకునేది అంతకంటే ఎక్కువ.

ఏప్రిల్ సాయంత్రం ఒక ఇల్లు ఊహించుకోండి. గదిలో ఏసీ నడుస్తోంది. వంటింట్లో ఇండక్షన్ మీద పాలు. మిద్దె మీది ట్యాంకు నింపడానికి బోరు వేశారు. పెద్దవాడు రేపటి చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. ఫ్రిజ్జు, టీవీ, నాలుగు ఫ్యాన్లు ఎలాగూ ఉన్నాయి. అంతా కలిపితే 6100 వాట్లు. 230తో భాగిస్తే దాదాపు 26 ఆంపియర్లు. ఇప్పుడు మీ కరెంటు బిల్లు తీసి ‘కాంట్రాక్టెడ్ లోడ్’ అన్నచోట ఎంత ఉందో చూడండి. చాలా ఇళ్లకు అక్కడ ఒకటో రెండో కిలోవాట్లుంటాయి. తేడా అర్థమైందా?

ఇందులో నాలుగు పనులూ ఒకే గంటలో జరగాలని ఎవరు చెప్పారు? మోటరు పొద్దున, ఇస్త్రీ మధ్యాహ్నం పెట్టుకుని, పాలు గ్యాసు మీద కాస్తే అదే సాయంత్రం 2200 వాట్లతో గడిచిపోతుంది. పైసా ఖర్చు లేని రక్షణ ఇది. అందుకే కాబోలు ఎవరూ దీని గురించి ప్రకటనలు వేయరు.

తెలంగాణ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేని ఇళ్లలో ఈ లెక్క మరీ అవసరం. యూనిట్లు వేరు, లోడు వేరు. వెయ్యి వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిటు. నెలాఖరుకు 150 యూనిట్లే వచ్చినా, ఒక్క అరగంట 26 ఆంపియర్లు లాగితే గోడలోని వైరుకు ఆ వేడి తప్పదు.

2. కరెంటు తిరిగి రాగానే అన్నీ ఒకేసారి మొదలవనీయకండి. మోటరు, ఫ్రిజ్జు, పాత రకం ఏసీ తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలుకంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతాయి. వీధిలోని ఇళ్లన్నీ కలిసి అదే పని చేస్తే వోల్టేజీ కుంగుతుంది, మోటర్లు తిరగలేక మూలుగుతాయి, ఫీజు పోతుంది. కరెంటు పోగానే ఏసీ, మోటరు, గీజరు స్విచ్చులు ఆపేయండి. వచ్చాక అయిదు నిమిషాలు బుగ్గలు, ఫ్యాన్లతో గడపండి. లైను నిలదొక్కుకున్నాక పెద్దవాటిని ఒక్కొక్కటిగా వేయండి.

3. లో వోల్టేజీలో ఏది ఆపాలో తెలుసుకోండి. ఇక్కడ చాలామంది తిరకాసుగా ఆలోచిస్తారు. 180 వోల్టుల దగ్గర గీజరు కాలిపోదు. 230లో ఇచ్చే వేడిలో 60 శాతం ఇస్తుంది, నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, అంతే. అదే 180 దగ్గర బోరు మోటరు మాత్రం తన పని చేయడానికి ఎక్కువ ఆంపియర్లు లాగి చుట్టలు వేడెక్కించుకుంటుంది. ముందు ఆపాల్సింది మోటరు, ఆ తర్వాత ఫ్రిజ్జు, ఏసీ.

ఎర్తింగు లేని ఇంట్లో ఏం కొన్నా అంతే

సర్జ్ ప్రొటెక్టరు లోపల వేరిస్టర్ అనే బిళ్ల ఉంటుంది. మామూలు వోల్టేజీ దగ్గర అది మూసుకుని ఉంటుంది. హద్దు దాటితే తెరుచుకుని ఆ పోటును పక్కదారి పట్టిస్తుంది. జూరాల నిండితే గేట్లెత్తి నీళ్లు కిందికి వదులుతారే, అట్లాంటి పనే. గేటెత్తితే సరిపోదు, కింద వాగు ఉండాలి. పోటులో చాలా భాగానికి ఆ వాగు ఎర్తింగు.

మరి మీ ఇంటి ఎర్తింగు ఎట్లా ఉంది? ఇల్లు కట్టిన ఏడాది బొగ్గు, ఉప్పు పోసి పైపు పాతారు. ఆ తర్వాత దాని ముఖం ఎవరు చూశారు? చాలాచోట్ల దాని మీద ఇప్పుడు తులసి గద్దె ఉంది, లేదా సిమెంటు గచ్చు పడింది. ఎర్రచెల్క నేలలు ఎండాకాలంలో పెంకులా ఎండిపోతాయి. తడి లేని మట్టి కరెంటును సరిగ్గా తీసుకోదు. మార్చి నుంచి వానలు పడేదాకా వారానికోసారి ఆ గుంటలో రెండు బిందెల నీళ్లు పోయండి.

ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు మల్టీమీటరుతో మూడు కొలతలు తీయమనండి: ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య, ఫేజుకు ఎర్తుకు మధ్య, న్యూట్రల్‌కు ఎర్తుకు మధ్య. మొదటి రెండూ దగ్గర దగ్గరగా ఉండి, మూడోది రెండు మూడు వోల్టుల్లో ఉంటే నిశ్చింత. మూడోది పదులలో చూపిస్తే ఆ రోజే తవ్వి చూడాలి. ఈ పని మీరు సొంతంగా చేయకండి.

అదే రోజు మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో కూడా అడగండి. ఎంసీబీ వైరును కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. ఇనుప కూలరులో నీళ్లు పోస్తూ షాకు కొట్టి చనిపోయిన వార్త ఏ ఎండాకాలం లేకుండా పోయింది? ఆ కూలరు ప్లగ్గుకు మూడో పిన్ను విరిచేసి రెండు పిన్నుల సాకెట్టులో గుచ్చిన ఇల్లు మీకూ ఒకటి తెలిసే ఉంటుంది. టీవీ సంగతి తర్వాత, ముందు ఇది చూడండి.

ఇప్పుడు దుకాణానికి వెళ్దాం

1. జూల్స్ అడగండి. పోటును ఎంతవరకు మింగగలదో చెప్పే అంకె అది. టీవీ, కంప్యూటరు లాంటి వాటికి వెయ్యి దాటినది తీసుకుంటే మేలు. అట్ట మీద అంకె లేకుండా ‘సూపర్ ప్రొటెక్షన్’ అని మాత్రమే ఉంటే పెట్టె తిరిగి ఇచ్చేయండి.

2. రక్షణ ఎన్ని దారుల్లో ఉందో చూడండి. ఫేజు-న్యూట్రల్ మధ్య మాత్రమే బిళ్ల ఉన్నవి చవక. ఫేజు-ఎర్తు, న్యూట్రల్-ఎర్తు మధ్య కూడా ఉన్నది మంచిది.

3. ‘ప్రొటెక్టెడ్’ అని వెలిగే చిన్న దీపం ఉండాలి. బిళ్ల ప్రతి పోటుకూ కొంచెం కొంచెం అరిగిపోతుంది. పూర్తిగా అరిగాక కూడా సాకెట్లలో కరెంటు వస్తూనే ఉంటుంది, రక్షణ మాత్రం ఉండదు. స్విచ్చు దీపం వేరు, ఈ దీపం వేరు. ఇది ఆరిపోయిన రోజు పెట్టె మార్చాలి.

4. ఆంపియర్లు చూడండి. 6 ఆంపియర్ల ప్లగ్గుకు హద్దు 1380 వాట్లు. టీవీ, సెట్‌టాప్ బాక్సు, రూటరు, కంప్యూటరు కలిసినా 400 దాటవు, సరిపోతుంది. ఇస్త్రీ పెట్టె, ఇండక్షన్, గీజరు, మోటరు దీని జోలికి రాకూడదు. వాటికి గోడలోనే 16 ఆంపియర్ల పాయింటు, దానికి తగిన మందం వైరు ఉండాలి. సాకెట్టు ఖాళీగా కనపడింది కదా అని మిక్సీ గుచ్చే అలవాటు మానండి.

5. ఇల్లంతటికీ కావాలంటే మెయిన్ బోర్డులో టైప్ 2 ఎస్‌పీడీ (సర్జ్ ప్రొటెక్షన్ డివైస్) పెట్టించండి. కొత్తిల్లు కడుతున్నవాళ్లకు నా సలహా ఇదే. వస్తువుకో పెట్టె కొనే బదులు ఇది ఒకటి పెట్టి, టీవీ దగ్గర మాత్రం చిన్నది ఉంచుకోండి. ఎస్‌పీడీ నుంచి ఎర్తు పట్టీకి వెళ్లే వైరు అర మీటరు దాటకూడదు. చుట్టలు చుట్టి వదిలేస్తే పరికరం ఎంత ఖరీదైనదైనా పోటు ముందు ఇంట్లోకే దూరుతుంది. దాని మీద చిన్న కిటికీ ఉంటుంది. పచ్చగా ఉంటే పనిచేస్తున్నట్టు, ఎర్రబడితే మార్చమన్నట్టు.

6. వోల్టేజీకి వేరే కాపలా పెట్టండి. మన వీధుల్లో టీవీలను కాల్చేది పిడుగుకన్నా న్యూట్రల్ తెగడమే ఎక్కువని నా అనుమానం. మూడు ఫేజులకూ ఉమ్మడిగా ఉన్న న్యూట్రల్ గాలివానకు తెగితే, తక్కువ లోడున్న ఫేజు మీది ఇళ్లలోకి 230 బదులు 350, ఒక్కోసారి 400 దగ్గర వోల్టులు వచ్చేస్తాయి. బుగ్గలు తెల్లగా మండుతాయి, ఫ్యాను రెక్కలు కనపడనంత వేగంగా తిరుగుతుంది. ఇట్లా నిలిచిపోయే ఎక్కువ వోల్టేజీ ముందు వేరిస్టర్ బిళ్ల తానే కాలిపోతుంది, పక్కన పరదా ఉంటే దానికి నిప్పు కూడా పెట్టగలదు. దీనికి మందు ఓవర్ అండ్ అండర్ వోల్టేజీ ప్రొటెక్టరు. హద్దు దాటగానే లైను కోసేస్తుంది, వోల్టేజీ కుదిరాక కొంచెం ఆగి తిరిగి కలుపుతుంది. ఫ్రిజ్జుకు, ఏసీకి స్టెబిలైజరు ఉంటే కొనేటప్పుడే దాని పని హద్దులు చదవండి. 170 నుంచి 270 దాకా పనిచేసేది ఒకటి, 130 నుంచి మొదలయ్యేది ఒకటి. లైను చివరి ఇంటికి రెండోదే కావాలి. బుగ్గలు అట్లా మండుతుంటే మాత్రం ఏ పరికరం కోసమూ ఎదురుచూడకండి. మెయిన్ ఆపి 1912కు ఫోన్ చేయండి.

ఎన్ని కొన్నా మనం చేసే పొరపాట్లు కొన్ని ఉంటాయి. ఒక స్పైక్ బాక్సులో ఇంకో స్పైక్ బాక్సు గుచ్చుతాం. ఫీజు మాటిమాటికీ పోతోందని లావు తీగ చుడతాం, పోయేది ఫీజు బదులు గోడలోని వైరవుతుంది. ఎర్తు లేదని సాకెట్టు లోపలే న్యూట్రల్‌ను ఎర్తు పిన్నుకు కలిపేసే ‘తెలివైన’ మేస్త్రీలున్నారు. న్యూట్రల్ తెగిన రోజు ఫ్రిజ్జు తలుపు పట్టుకున్నవాళ్ల గతేమిటి? ఇక ఉరుములప్పుడు ప్లగ్గులు పీకుతాం గానీ కేబుల్ టీవీ వైరు, ఇంటర్‌నెట్ వైరు వదిలేస్తాం. పిడుగు పోటు ఆ దారిన కూడా వస్తుంది. పుణెలోని ఐఐటీఎం వాళ్ల ‘దామిని’ యాప్ ఫోన్‌లో ఉంటే దగ్గర్లో పిడుగులు పడే సూచన ముందే అందుతుంది. మెరుపులు నెత్తిమీదికి రాకముందే పీకండి. వచ్చాక వైర్లు ముట్టుకోవద్దు.

పొలం దగ్గర ఇదే లెక్క

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. అప్పుడే రైతుల్ని ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం పదే పదే కోరింది. ఎందుకంటారా? అయిదు హెచ్‌పీ మోటరు ఒకటి నడుస్తుంటే దాదాపు అయిదున్నర కేవీఏ తీసుకుంటుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు మీద నాలుగు మోటర్లు నడవొచ్చు. కానీ కరెంటు రాగానే నాలుగు ఆటో స్టార్టర్లూ ఒకే క్షణంలో లేస్తే ఆ కాసేపు వంద కేవీఏ పైన అడుగుతాయి. ట్రాన్స్‌ఫార్మరు కాలితే నలుగురి మడులూ ఎండుతాయి. పక్క రైతులతో కూర్చుని ఎవరు ఎప్పుడు వేయాలో మాట్లాడుకోండి. ఆటో స్టార్టరు తప్పదనుకుంటే ఒక్కొక్కరు ఒక్కో ఆలస్యం పెట్టుకోండి, ఒకరు రెండు నిమిషాలు, ఇంకొకరు నాలుగు. మోటరుకు తగిన కెపాసిటరు, ఒక ఫేజు పోతే ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటరు పెట్టించండి. పోయిన మోటరును మళ్లీ చుట్టించే ఖర్చుతో పోలిస్తే ఇవి చవక.

అమెరికాలో ఇల్లున్న బండి

ఈ పుస్తకం చదివేవాళ్లలో పిల్లలు డల్లాస్‌లోనో అట్లాంటాలోనో ఉన్నవాళ్లుంటారు. సెలవులకు అమ్మానాన్నల్ని ఆర్‌వీ అనే ఇల్లున్న బండిలో తిప్పడం ఇప్పుడక్కడ సరదా. ఆ పిల్లలకు ఈ పేజీ పంపండి.

అక్కడ వోల్టేజీ 120. క్యాంపు మైదానంలో స్తంభం లాంటి పెట్టెకు బండి వైరు తగిలిస్తారు. 30 ఆంపియర్ల బండికి మొత్తం హద్దు 3600 వాట్లు. పైకప్పు మీది ఏసీ 1500, మైక్రోవేవ్ 1500, నీళ్లు కాచేది 1400 అనుకోండి, 4400 అయింది, బ్రేకరు పడిపోయింది. అమ్మ ఇడ్లీలు వేడి చేస్తానంటే ఏసీ కాసేపు ఆపాలి. 50 ఆంపియర్ల బండికి రెండు లైన్లొస్తాయి, కలిపి 12,000 వాట్లు. అక్కడ హాయిగా అన్నీ నడుస్తాయి గానీ న్యూట్రల్ ఊడితే మన వీధి కథే, ఒక లైను మీది వస్తువులకు 120 బదులు 200 దాటి రావొచ్చు.

అందుకే అక్కడా రెండు రకాల పరికరాలు అమ్ముతారు. ఒకటి ఉత్త సర్జ్ ప్రొటెక్టరు. రెండోదాన్ని ఈఎంఎస్ అంటారు. సర్జ్‌తోపాటు వోల్టేజీనీ చూస్తుంది, ఫేజు-న్యూట్రల్ తారుమారైనా ఎర్తు లేకపోయినా బండికి కరెంటు కలపనివ్వదు. చాలా మోడళ్లు 104 కంటే తగ్గినా 132 దాటినా లైను కోసేస్తాయి. ధర ఎక్కువే అయినా రెండోదే తీసుకోమంటాను. జులైలో జనం నిండిన మైదానంలో అందరి ఏసీలూ నడుస్తుంటే 105 వోల్టులు కనపడటం అక్కడివాళ్లకు మామూలు సంగతి.

బండికి కరెంటు తగిలించే వరస ఇది. ముందు పెట్టెలోని బ్రేకరు ఆపాలి. ఈఎంఎస్‌ను ఒక్కదాన్నే గుచ్చి బ్రేకరు వేసి, తప్పు సంకేతమేమీ లేదని చూడాలి. మళ్లీ బ్రేకరు ఆపి బండి వైరు తగిలించాలి. బ్రేకరు వేసి రెండు మూడు నిమిషాలు ఆగాలి, ఏసీ కంప్రెసరుకు ఆ వ్యవధి కావాలి. ఫ్రిజ్జు, తర్వాత ఏసీ. ఇంటి ముందు మామూలు 15 ఆంపియర్ల సాకెట్టుకు అడాప్టరు పెట్టి తగిలించినప్పుడు మాత్రం 1800 వాట్లే మీ ఆస్తి. ఏసీ నడిపితే ఇంకేమీ వేయకండి, టీ కూడా గ్యాసు మీదే.